మా స్టూడియోలోనే యోగా టీచర్ ట్రైనింగ్‌లో చేరమంటున్నారు, చేరొచ్చా?

వెన్నెల_నడక
ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న స్టూడియోలో చాలా ఏళ్లుగా యోగా చేస్తున్నాను. అక్కడి మేడం ఈమధ్య నన్ను పక్కకు పిలిచి, కొత్తగా మొదలుపెడుతున్న 200 గంటల టీచర్ ట్రైనింగ్‌లో చేరమన్నారు. శని, ఆదివారాల్లో క్లాసులు, ఆరు నెలలు. నాకు ఎప్పటినుంచో ఉన్న కోరికే ఇది. కానీ ఆవిడ అడిగినప్పటినుంచి సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా ఉంది.

నాకు 43 ఏళ్లు. గోడ ఆసరా లేకుండా శీర్షాసనం రాదు. పద్మాసనంలో రెండో కాలు పైకి రాదు. ఇలాంటి మనిషి టీచర్ అయితే ఎవరైనా వస్తారా?

ఫీజు మొత్తం ముందే కట్టాలట. దానితోపాటు ఒక ఒప్పంద పత్రం ఇచ్చారు. ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లపాటు చుట్టుపక్కల వేరే స్టూడియోలో చెప్పకూడదని, వాళ్ల ఆసనాల వరుసను బయట ఎక్కడా వాడకూడదని అందులో ఉంది. సంతకానికి వారం గడువు.

ఇలా స్టూడియోలో ట్రైనింగ్ చేసినవాళ్లు, చేయించినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

రెండో_చాప
సంతకం మాత్రం ఇప్పుడే పెట్టకండి. మిగతా విషయాలు తర్వాత మాట్లాడుకుందాం.

అర్ధరాత్రి_కోడర్
43కే ఇంత ఆలోచనా? మా క్లాసులో చెప్పే ఆవిడకు అరవై దాటాయి. ఆవిడ ప్లాంక్‌లో (చేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం) ఉండి కబుర్లు చెబుతుంటే వెనక వరుసలో కుర్రాళ్లమంతా వణుకుతుంటాం.

నిలకడ
నేను చాలాకాలంగా యోగా చెబుతున్నాను, కొత్త టీచర్లకు శిక్షణ ఇచ్చే బృందాల్లోనూ పనిచేశాను. మీ మొదటి సందేహానికి సమాధానం సులువు. శీర్షాసనం రాకపోయినా మంచి టీచర్ కావచ్చు. భోజనం బాగా చేసేవాళ్లందరికీ వంట రాదు కదా, ఆసనాలు బాగా వేసేవాళ్లందరికీ చెప్పడం రాదు. పైగా ఒళ్లు చిన్నప్పటినుంచీ సాగే మనిషికి, ముందుకు వంగితే వేళ్లు మోకాళ్లు కూడా దాటని మనిషి కష్టం అర్థం కావడానికి చాలా సమయం పడుతుంది. మీకది ఇప్పటికే తెలుసు.

అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ 200 గంటల్లో మీరు లేచి నిలబడి, నిజమైన మనుషులకు క్లాసు చెప్పేది ఎన్ని గంటలు? అలా చెబుతున్నప్పుడు వెనక కూర్చుని చూసి, నోట్సు రాసుకుని, తర్వాత మీతో కూర్చుని మాట్లాడే అనుభవజ్ఞులు ఎవరు? నాకు తెలిసినంతలో ట్రైనింగ్ నాణ్యత తేలేది అక్కడే. సర్టిఫికెట్ మీద బొమ్మ ఎంత బాగుందో, హాలు ఎంత పెద్దదో దానికి సంబంధం లేదు.

పాతకాపు
నాకు ఈ 200 గంటల లెక్కే నచ్చదు. ఒక గురువు దగ్గర ఏళ్ల తరబడి ఉండి నేర్చుకునే విద్య ఇది. మైసూరులో యోగా నేర్పిన కృష్ణమాచార్యుల దగ్గర నేర్చుకుని పెద్ద గురువులైన అయ్యంగార్, పట్టాభి జోయిస్ సర్టిఫికెట్ కోర్సు చేశారా? శనాదివారాల్లో టీచర్లను తయారుచేయడం ఏమిటి?

లెక్కల_బల్ల
పాతకాపు గారూ, మీ బాధ అర్థమవుతుంది. కానీ నిర్ణీత కాలం శిక్షణ కొత్తదేమీ కాదు. శివానంద యోగా కేంద్రాలు స్థాపించిన స్వామి విష్ణుదేవానంద 1969లోనే నాలుగు వారాల టీచర్ ట్రైనింగ్ మొదలుపెట్టారు. 200 గంటల కొలమానం యోగా అలయెన్స్ వల్ల వ్యాపించింది. అది 1999లో అమెరికాలో ఏర్పడిన సంస్థ. చాలామంది దాన్ని ప్రభుత్వ బోర్డు అనుకుంటారు. కాదు. అది పేర్లు నమోదు చేసుకునే సంస్థ. స్కూలు తన సిలబస్ పంపి నమోదవుతుంది, అక్కడ కోర్సు పూర్తిచేసినవాళ్లు తమ పేరు నమోదు చేసుకోవచ్చు. మీ క్లాసు చూసి వాళ్లెవరూ మార్కులు వేయరు.

ఇప్పటి వాళ్ల ప్రమాణాల్లో సాధన, పద్ధతులకు 75 గంటలు, శరీర నిర్మాణానికి 30, చరిత్ర, తత్వం, నీతికి 30, బోధన నైపుణ్యాలు, వృత్తి విషయాలకు 50 అని విభజన ఉంది. మిగిలినవి స్కూలు ఇష్టం. వెన్నెల గారూ, మీ స్టూడియో వాళ్లను ఇలాంటి కాగితమే అడగండి. ఏ అంశానికి ఎన్ని గంటలు, ఎవరు చెబుతారు అని రాతపూర్వకంగా.

పాతకాపు
నాలుగు వారాలైనా వాళ్లు ఆశ్రమంలో ఉండి చేసేవాళ్లు. తెల్లవారుజాము ధ్యానంతో మొదలై రాత్రి దాకా అదే పని. అది వేరు.

చిన్నగొంతు
నేను అలా నెలరోజులు అక్కడే ఉండి చేసే కోర్సు చేశాను. అనుభవం గొప్పది, కాదనను. కానీ రోజూ అంత సేపు నేర్చుకుంటుంటే మూడో వారానికి బుర్రలో చోటు మిగల్లేదు. ఇంటికొచ్చాక సగం మర్చిపోయాను. స్నేహితురాలు స్టూడియోలో వారాంతాల్లో చేసింది. శనివారం నేర్చుకున్నది వారమంతా తన ఒంటి మీద చూసుకుని, వచ్చే శనివారం సందేహాలతో వెళ్లేది. క్లాసు చెప్పడంలో తను నాకంటే ముందుంది. కాబట్టి వారాంతపు కోర్సుని తక్కువ చేయొద్దు.

తుంటికీలు
ఫిజియోథెరపిస్టుని. పద్మాసనం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఎందుకంటే ఈ ఒక్క ఆసనం వల్ల మోకాళ్లు పాడుచేసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు.

పద్మాసనంలో తిరగాల్సింది తుంటి. మోకాలు ప్రధానంగా ముడుచుకుని చాచుకునే కీలు, మెలితిప్పితే ఓర్చుకునేది చాలా తక్కువ. తుంటి గిన్నె ఏ దిశగా ఉంది, తొడ ఎముక మెడ ఎంత కోణంలో ఉంది అనేవి మనిషి మనిషికీ మారతాయి. కొందరికి ఎముక ఎముకకు తగిలి తుంటి అక్కడే ఆగిపోతుంది. అది కండరం బిగుసుకోవడం కాదు, సంవత్సరాల సాధనతో మారేదీ కాదు. అప్పటికీ కాలిని బలవంతంగా లాగితే ఆ మెలి మొత్తం మోకాలికి పోతుంది, లోపలి నెలవంక ఆకారపు మృదులాస్థి దెబ్బతింటుంది.

వెన్నెల గారూ, మీ రెండో కాలు పైకి రాకపోవడానికి ఇది కారణం కావచ్చు. ట్రైనింగ్‌లో ఎవరైనా 'ఇంకొంచెం సాధన చేస్తే వచ్చేస్తుంది' అని మోకాలు నొక్కితే ఆపమనండి. అందరికీ అన్నీ వస్తాయని చెప్పే చోట శరీర నిర్మాణం సరిగా చెప్పడం లేదని అర్థం.

వెన్నెల_నడక
తుంటికీలు గారూ, ఎన్నేళ్లుగానో నా బద్ధకం వల్లే రావడం లేదనుకున్నాను. ఇలా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

నిలకడ గారూ, చెప్పే గంటల సంగతి అడిగి వచ్చి రాస్తాను.

ఊపిరి
నేను పెద్దవయసు వాళ్లకే చెబుతాను, ఎక్కువమంది కుర్చీలో కూర్చునే చేస్తారు. వెన్నెల గారికి ఒక మాట. స్టూడియో క్లాసులో ముందు వరుసలో కనిపించే సాగే శరీరాలే యోగాకు వచ్చే జనం అనుకోకండి. బయట బీపీ ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, నేల మీద కూర్చుంటే లేవలేనివాళ్లు ఎంతో మంది ఉన్నారు. వాళ్లకు టీచర్లే తక్కువ. శీర్షాసనం వేసి చూపించే టీచర్ని చూస్తే వాళ్లు భయపడి వెనక్కి వెళ్లిపోతారు.

కాబట్టి స్టూడియో వాళ్లను ఇదీ అడగండి. ఎవరికి ఏది చేయించకూడదో ఎంత వివరంగా నేర్పుతారు? గ్లాకోమా ఉన్నవాళ్లకు తల కిందికి పెట్టే ఆసనాలు కంటి ఒత్తిడిని పెంచుతాయి. ఎముకలు గుల్లబారినవాళ్లు వెన్ను గుండ్రంగా చేసి గట్టిగా ముందుకు వంగితే వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. బీపీ అదుపులో లేనివాళ్లకు, హెర్నియా ఉన్నవాళ్లకు, గర్భిణులకు కపాలభాతి (పొట్టను లోపలికి కొడుతూ వేగంగా ఊపిరి వదలడం) చేయించకూడదు. ఇవన్నీ ఒక స్లైడులో జాబితాగా చదివేసి వదిలేసే కోర్సులు చూశాను. జాబితా బట్టీ పడితే లాభం లేదు. అలాంటి మనిషి ఎదురుగా చాప వేసుకుని కూర్చుంటే, ఆ అరక్షణంలో ఆమెకు బదులుగా ఏమివ్వాలో తోచాలి. అది ఎవరో పక్కనుండి నేర్పాలి.

అర్ధరాత్రి_కోడర్
ఊపిరి గారూ, శవాసనంలో గురక పెట్టేవాళ్లకు ఏమివ్వాలో కూడా నేర్పుతారా? మా క్లాసులో ఒకాయన మొదలుపెడితే మిగతావాళ్లకు నవ్వు ఆగదు.

ఊపిరి
తల కింద మడిచిన దుప్పటి పెట్టి చూడండి, లేదా ముందే పక్కకు తిరిగి పడుకోమని చెప్పండి. చాలావరకు తగ్గుతుంది. అలసిపోయి వచ్చిన మనిషి ఆ పది నిమిషాలైనా నిద్రపోతే నాకు సంతోషమే.

రెండో_చాప
ఇప్పుడు ఆ ఒప్పందం సంగతి. నేనూ స్టూడియోలోనే ట్రైనింగ్ చేశాను, పేరు చెప్పను. అలాంటి పత్రమే పెట్టారు. చదివాను, అభ్యంతరం చెప్పాను, 'ఇది మామూలే, ఎవరి మీదా వాడం' అన్నారు. కోర్సయ్యాక వాళ్ల దగ్గర క్లాసులు ఖాళీ లేవు, కొత్తవాళ్లందరినీ సబ్‌స్టిట్యూట్ జాబితాలో పెట్టారు. ఎవరికైనా జ్వరమొస్తే పిలుస్తారు. నెలలకు నెలలు పిలుపు రాలేదు. వేరే చోట అవకాశం వస్తే ఒప్పందం గుర్తుచేశారు. వాళ్లు పని ఇవ్వరు, వేరే చోట చేయనివ్వరు. ఆ మధ్యకాలంలో 'సహాయకురాలు' పేరుతో చాపలు తుడవడం, హాజరు వేయడం, రిసెప్షన్‌లో కూర్చోవడం అన్నీ చేయించారు, జీతం లేకుండా.

నేర్చుకోవడానికి సీనియర్ టీచర్ పక్కన సహాయంగా ఉండటం మంచిదే. రిసెప్షన్‌లో కూర్చుంటే ఏం నేర్చుకుంటాం?

సరళరేఖ
అవతలి వైపు నుంచి చెబుతాను. నాదొక స్టూడియో ఉంది. ట్రైనింగులూ నడుపుతాను. చాలా చిన్న స్టూడియోలకు రోజువారీ క్లాసుల మీద అద్దె పోగా మిగిలేది తక్కువ. టీచర్ ట్రైనింగ్ ఫీజే ఏడాదంతా తలుపులు తెరిచి ఉంచుతుంది. ఇది నిజం, దాచాల్సిన పని లేదు.

ఒప్పందం ఎందుకు పెడతామంటే, ఒకసారి మా దగ్గర నేర్చుకున్న టీచర్ పక్క వీధిలో క్లాసు పెట్టి, మా సభ్యుల ఫోన్ నంబర్లు తీసుకుని అందరికీ మెసేజ్‌లు పంపారు. ఆ భయం ఒట్టిది కాదు. అయితే రెండో_చాప గారికి జరిగింది తప్పే. పని ఇవ్వలేనప్పుడు కట్టిపడేయకూడదు. మా పత్రంలో ఇప్పుడు ఒక్కటే ఉంది, స్టూడియో సభ్యులను వాళ్లంతట వాళ్లు రాకుండా మీరుగా సంప్రదించి లాక్కోకూడదు అని. ఎక్కడైనా చెప్పుకోవచ్చు. వెన్నెల గారూ, మీ మేడంతో ఇలా మార్చమని అడగండి. ఆవిడ భయం తీరుతుంది, మీ దారీ మూసుకుపోదు.

రెండో_చాప
సరళరేఖ గారూ, మీలాంటి వాళ్ల దగ్గర చేరి ఉంటే బాగుండేది.

లెక్కల_బల్ల
ఆసనాల వరుస 'మాది' అనడం గురించి. దీనిమీద పెద్ద కేసే నడిచింది. వేడి గదిలో చేయించే యోగాతో పేరొందిన బిక్రమ్ చౌధురి 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాల వరుస మీద కాపీరైట్ కోరారు. 2015లో అమెరికాలోని తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కుదరదంది. ఆ వరుస ఆరోగ్యం కోసం చేసే ఒక పద్ధతి, ఆలోచన. పద్ధతికి కాపీరైట్ ఉండదు, దాన్ని వివరిస్తూ రాసిన పుస్తకానికి ఉండొచ్చు. అంతకుముందు 2012లోనే అక్కడి కాపీరైట్ కార్యాలయం కూడా అలాంటి వరుసలను నమోదు చేయబోమని చెప్పింది.

కానీ ఇక్కడో మెలిక ఉంది. కాపీరైట్ లేకపోయినా, 'వాడను' అని మీరు సంతకం పెడితే అది ఒప్పందం. రెండూ వేరు. పోటీగా పని చేయకూడదనే షరతు ఎంతవరకు చెల్లుతుందనేది కూడా ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. సంతకానికి ముందు వకీలుకి ఒకసారి చూపించండి.

పాతకాపు
ఆసనాల వరుస నాదని సంతకాలు పెట్టించుకోవడం! ఈ విద్య ఎవరి సొత్తు?

నిలకడ
పాతకాపు గారితో ఈ ఒక్క విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంకో కోణం కూడా ఉంది. ఒకే వరుస బట్టీ పట్టించి, అదే చెప్పమని పంపే కోర్సులో టీచర్ తయారవడు. వరుస ఎందుకు అలా ఉందో తెలియాలి. వెనక్కి వంచే పెద్ద ఆసనం క్లాసు మధ్యలో పెట్టారంటే, దానికి ముందు తొడల ముందుభాగం, భుజాలు ఎలా సిద్ధమయ్యాయి? తర్వాత వెన్నుని మామూలు స్థితికి ఏది తెచ్చింది? వచ్చినవాళ్లలో సగం మంది అలసిపోయి ఉంటే ఏది తీసేస్తారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే ఎవరి వరుసా దొంగిలించాల్సిన అవసరం రాదు.

చిన్నగొంతు
నిలకడ గారూ, ఇక్కడే ఒకటి అడగొచ్చా? ఆసనాలన్నీ తెలుసు, వరుస రాసుకుంటాను. తీరా ముందు నిలబడితే గొంతు రాదు. మాటలు కలిసిపోతాయి. కుడి అనబోయి ఎడమ అంటాను.

నిలకడ
ఇది అందరికీ వచ్చేదే, చిన్నగొంతు. కుడి ఎడమల సంగతి ముందు చూద్దాం. వాళ్లకు ఎదురుగా నిలబడినప్పుడు అద్దంలా చేయాలి. మీరు ఎడమ చేయి ఎత్తుతూ నోటితో కుడి అనాలి. మొదట్లో బుర్ర తిరుగుతుంది. ఇంట్లో ఎవరూ లేకుండా గట్టిగా అంటూ సాధన చేయండి. అప్పటికీ కుదరకపోతే 'కిటికీ వైపు చేయి', 'తలుపు వైపు కాలు' అనండి. ఎవరూ తప్పుపట్టరు, పైగా కొత్తవాళ్లకు అదే సులువు.

మాటలు కలిసిపోవడానికి కారణం ఒక్కసారే ఎక్కువ చెప్పాలనుకోవడం. త్రికోణాసనంలో పాదం, మోకాలు, తుంటి, పక్కటెముకలు, భుజం, మెడ, చూపు అన్నీ ఒకే ఊపిరిలో చెబితే వినేవాళ్లు ఏదీ చేయలేరు. ముందు ఊపిరి, తర్వాత క్రియ, తర్వాత ఏ భాగం, ఎటు వైపు. 'ఊపిరి తీసుకుంటూ చాచండి, కుడి చేయి, ముందుకు.' అంతే. ఆగండి. చూడండి. నేల నుంచి పైకి చూడటం అలవాటు చేసుకోండి. పాదాలు సర్దుకుంటే పైన సగం తప్పులు వాటంతటవే పోతాయి. ఆ తర్వాత అవసరమైన వాళ్లకు మాత్రమే రెండో మాట చెప్పండి.

ఇంకొకటి. క్లాసంతా మీరూ వాళ్లతోపాటు చేయకండి. అధోముఖ శ్వానాసనంలో తలకిందులుగా ఉండి మీరు ఎవరిని చూడగలరు? ఆయాసంతో మాట కూడా రాదు. చూపించాల్సిన చోట చూపించి, లేచి వాళ్ల మధ్య తిరగండి. మీ గొంతు సమస్యలో సగం దీంతోనే తీరుతుంది.

అర్ధరాత్రి_కోడర్
ఓహ్, అందుకా మా మేడం 'ఫ్రిజ్ వైపు మోకాలు' అనేది. అప్పుడప్పుడు ఆన్‌లైన్‌లో కూడా చెబుతారు, మా ఫ్రిజ్ ఎక్కడుందో ఆవిడకెలా తెలిసిందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

తుంటికీలు
నిలకడ గారి పోస్టు చదివాక నాకు గుర్తొచ్చింది, చేత్తో సర్దడం గురించి ఎవరూ రాయలేదు. విద్యార్థి ఒంటి మీద చేయి వేసే ముందు అడగాలి. ప్రతిసారీ అడగాలి. నిన్న సరే అన్న మనిషి ఇవాళ వద్దనొచ్చు. కొన్ని స్టూడియోల్లో చాప పక్కన చిన్న కార్డు పెడతారు, ఒక వైపు తిప్పి ఉంటే ముట్టుకోవచ్చు, ఇంకో వైపు ఉంటే వద్దు అని. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు చేతులెత్తించి అడిగేవాళ్లూ ఉన్నారు, కానీ మధ్యలో మనసు మార్చుకోవడానికి కార్డే మేలు.

అనుమతి ఉన్నా సరే, పశ్చిమోత్తానాసనంలో (కాళ్లు చాచి కూర్చుని ముందుకు వంగడం) వీపు మీద బరువు వేసి కిందికి నొక్కడం మానేయాలి. కూర్చునే ఎముక దగ్గర నొప్పి అని వచ్చేవాళ్లను అడిగితే, చాలాసార్లు తొడ వెనక కండరాన్ని ఆ ఎముకకు అంటుకునే చోట అతిగా లాగడమే కారణంగా తేలుతుంది. త్వరగా మానదు. ఇంకా సాగదీస్తే నొప్పి పెరుగుతుంది. ట్రైనింగ్‌లో ఒకరినొకరు నొక్కుకోవడమే 'అడ్జస్ట్‌మెంట్' క్లాసుగా నడిపితే జాగ్రత్త.

పాతకాపు
మా గురువుగారు అడక్కుండానే సర్దేవారు. మాకెప్పుడూ అభ్యంతరం అనిపించలేదు.

రెండో_చాప
మీకు అనిపించలేదు పాతకాపు గారూ. మీ పక్క చాప మీద ఉన్న ఆమెకు అనిపించినా గురువుగారితో అనగలిగేదా? నేను అనలేకపోయాను.

పాతకాపు
ఆ మాట ఆలోచించాల్సిందే, రెండో_చాప. అడగడం వల్ల గురువుకి గౌరవం తగ్గదు, అది ఒప్పుకుంటాను.

వెన్నెల_నడక
ఇవాళ వెళ్లి మేడంతో కూర్చుని మాట్లాడి వచ్చాను. మీరందరూ చెప్పిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఆవిడ చికాకు పడతారనుకున్నాను గానీ, అన్నిటికీ ఓపిగ్గా చెప్పారు.

200 గంటల్లో దాదాపు 80 గంటలు మామూలు క్లాసులకు వెళ్లడమేనట. వాటికి హాజరు వేస్తారు. శరీర నిర్మాణం ఒక ఫిజియో వచ్చి చెబుతారు, అది 25 గంటలు. తత్వం, యోగసూత్రాలు 30. మిగిలినవి ఆసనాల వివరాలు, ప్రాణాయామం. మేము స్వయంగా చెప్పేది మనిషికి 6 గంటలు, అదీ తోటి ట్రైనీలకే. బయటివాళ్లకు చెప్పేది చివర్లో ఒక్క క్లాసు.

ఒప్పందం గురించి సరళరేఖ గారు రాసినట్టే చెప్పాను. సభ్యులను లాక్కోకూడదు అనే మాట ఉంచి, మిగతాది తీసేస్తానన్నారు. ఫీజు మూడు వాయిదాల్లో కట్టొచ్చట. అడిగితే ఇచ్చేవారట, ఇంతవరకు ఎవరూ అడగలేదట!

లెక్కల_బల్ల
80 గంటలు మామూలు క్లాసులే అంటే అది చాలా ఎక్కువ. ఆ క్లాసులకు మీరు ఎలాగూ వెళ్తున్నారు కదా, ఫీజు కూడా కడుతున్నారు. ఒకే దానికి రెండుసార్లు కట్టినట్టవుతుంది. ట్రైనింగ్ కాలంలో నెలవారీ సభ్యత్వం ఫీజు మాఫీ చేస్తారా అని అడగండి.

నిలకడ
వెన్నెల గారూ, మీ మేడం దాచకుండా లెక్క చెప్పారు చూడండి, అది మంచి గుర్తు. ఆవిడతో మాట్లాడి కోర్సుని బాగుచేయొచ్చు. ఆ 80 గంటలను పూర్తిగా తీసేయమనక్కర్లేదు. అందులో కొన్నిటిని చూసే గంటలుగా మార్చమనండి. అంటే మీరు ఆసనం వేయరు. గోడ పక్కన కూర్చుని టీచర్‌నీ విద్యార్థులనూ గమనిస్తారు. టీచర్ ఏ మాట అన్నప్పుడు ఎంతమంది సరిగా చేశారు, ఏ మాటకు అయోమయపడ్డారు, ఎవరు ఊపిరి బిగబట్టారు, ఎవరికి ఆసరాగా పెట్టుకునే బ్లాకు అందాల్సింది అందలేదు. ఇలా కొన్ని క్లాసులు చూస్తే, అంతే సమయం మీరు ఆసనాలు వేసినదానికంటే ఎక్కువ నేర్చుకుంటారు. ఇంకొన్ని గంటలు సీనియర్ టీచర్ క్లాసులో పది నిమిషాలు మీరు చెప్పేలా అడగండి. మొదట సన్నాహక కదలికలు మాత్రమే. తర్వాత నిలబడి వేసే ఆసనాలు. అలా పెంచుకుంటూ పోవచ్చు.

తోటి ట్రైనీలకు చెప్పడం అవసరమే కానీ అది చాలదు. వాళ్లకు ఆసనం ముందే తెలుసు, మీరు తప్పు చెప్పినా సరిగానే చేస్తారు. మీ మాట పనిచేసిందో లేదో ఎప్పుడూ యోగా చేయని మనిషి ఒంట్లోనే తెలుస్తుంది.

సరళరేఖ
నిలకడ గారి పోస్టు కాపీ చేసుకున్నాను. గోడ పక్కన కూర్చుని చూసే గంటలు మా తర్వాతి బ్యాచ్‌లో పెడుతున్నాను. వెన్నెల గారూ, కొత్తవాళ్ల కోసం మీ స్టూడియోలో ప్రారంభ క్లాసు ఏదైనా ఉంటే అందులో సహాయంగా ఉండనివ్వమని అడగండి. దానికి స్టూడియోకి ఖర్చేం లేదు.

రెండో_చాప
సహాయం అంటే ఏమిటో కూడా రాయించుకోండి. బ్లాకులు అందించడం, ఆసనాలు సర్దడం, తర్వాత టీచర్‌తో మాట్లాడటం. రిసెప్షన్ కాదు.

అర్ధరాత్రి_కోడర్
సర్టిఫికెట్ సంగతి ఎవరైనా చెప్పండి. ఈ స్టూడియో కోర్సు చేస్తే వేరే చోట ఉద్యోగం ఇస్తారా?

లెక్కల_బల్ల
చాలా దేశాల్లో యోగా చెప్పడానికి ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి కాదు. జిమ్‌లు, పెద్ద స్టూడియోలు మాత్రం ఏదో ఒక గుర్తింపు అడుగుతాయి, ఎక్కువగా 200 గంటలదే. కాబట్టి స్కూలు యోగా అలయెన్స్‌లో నమోదై ఉందో లేదో చూసుకోవాలి. భారతదేశంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది. దాని పద్ధతి వేరు. ఎక్కడ నేర్చుకున్నారన్నదానికంటే మీకేం వచ్చో చూస్తారు, రాత పరీక్ష, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. స్థాయిలు కూడా ఉన్నాయి. స్టూడియోలో నేర్చుకుని ఈ పరీక్షకు విడిగా వెళ్లొచ్చు. ఇవి కాక, ప్రథమ చికిత్స, సీపీఆర్ ధ్రువపత్రం ఎక్కడైనా పనికొస్తుంది. క్లాసులో ఎవరైనా కుప్పకూలితే అప్పుడు పనికొచ్చేది అదే.

పాతకాపు
అయ్యంగార్ పద్ధతిలో ఇప్పటికీ ఏళ్ల సాధన, ఒక టీచర్ దగ్గర శిష్యరికం ఉంటే గానీ పరీక్షకు పంపరు. వెన్నెల గారూ, మీరు 200 గంటలు చేయండి, వద్దనను. కానీ అక్కడితో ఆపకండి. కోర్సయ్యాక కూడా ఒకరి దగ్గర విద్యార్థిగా ఉండండి. మీ మేడమే కావచ్చు, ఇంకొకరు కావచ్చు.

ఊపిరి
పాతకాపు గారి మాటకు నాదీ ఓటు. ఉద్యోగం గురించి కూడా కొంచెం నిజం చెప్పుకోవాలి. మొదట్లో దొరికేది ఎవరికీ అక్కర్లేని సమయాలే, తెల్లవారుజామునో మధ్యాహ్నమో. క్లాసు ఒక గంటే, కానీ రానూ పోనూ, తయారవడం కలిపితే మూడు గంటలవుతుంది. ఉన్న ఉద్యోగం వెంటనే వదిలేయకండి. ఇక గొంతు. రోజుకి రెండు క్లాసులు చెబితే సాయంత్రానికి బొంగురుపోతుంది. కడుపు నుంచి ఊపిరి వదులుతూ మాట్లాడటం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

వెన్నెల_నడక
ఉద్యోగం వదలను ఊపిరి గారూ, వారంలో రెండు క్లాసులు చెప్పగలిగితే చాలు నాకు. మీరు పెద్దవాళ్ల గురించి రాసినప్పటినుంచి మనసు అటే లాగుతోంది. మా అపార్ట్‌మెంట్‌లో మెట్లెక్కడానికి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

మేడంతో మళ్లీ ఫోన్లో మాట్లాడాను. ట్రైనింగ్ ఆరు నెలలూ సభ్యత్వం ఫీజు తీసుకోరు. 80లో 20 గంటలు గమనించడానికి, ఇంకో 15 గంటలు కొత్తవాళ్ల క్లాసులో సహాయానికి మార్చారు. చేత్తో సర్దడానికి కార్డులు పెడదాం అంటే, ఆ మాట చాలాకాలంగా తన మనసులోనూ ఉందన్నారు. మార్చిన పత్రం పంపారు, మా బంధువుల్లో వకీలు ఉన్నారు, ఆయన చదివి ఇబ్బందేం లేదన్నారు. చేరుతున్నాను.

చివరగా ఒకటి అడగనా? బయటివాళ్లకు నా అంతట నేను ఇంట్లో క్లాసు ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? ఎంతమందితో?

నిలకడ
మేడం మీ క్లాసు రెండు మూడుసార్లు పూర్తిగా చూసి సరే అన్నాక. ముగ్గురు చాలు. ముగ్గురినీ విడివిడిగా చూడగలరు. పెద్దగా జబ్బులేం లేనివాళ్లతో మొదలుపెట్టండి. ముందే ఆరోగ్యం గురించి చిన్న ఫారం నింపించుకోండి, సర్జరీలు, మందులు, నొప్పులు అన్నీ.

ఊపిరి
పెద్దవాళ్లను మాత్రం ఇంకొంత అనుభవం వచ్చాక తీసుకోండి. మొదలుపెట్టేటప్పుడు గట్టి కుర్చీలు, చేతులు లేనివి, చక్రాలు లేనివి తెచ్చుకోండి. కుర్చీ కాళ్లు జారకుండా గోడకు ఆనించి, కింద చాప వేయండి. మొదటి క్లాసుకి ముందు నాకు మెసేజ్ పెట్టండి, నేను వాడే కుర్చీ వరుస పంపిస్తాను.

లెక్కల_బల్ల
ఒప్పందంలో వాడకూడదని రాయలేదు కదా ఊపిరి గారూ?

ఊపిరి
ఎవరైనా వాడుకోవచ్చు. చిన్నగొంతు, నీకూ పంపిస్తాను.